మట్టంపాలెంలో నీరు నడిచే వేళ

మృగశిర కార్తె, రెండో రోజు

పొద్దున్నే లెక్కల పెట్టె మీద పేరుకున్న ఉప్పు తుడిచి, కొత్త కొలతలు ఇచ్చాను. నేల వాలు సున్నా. వాన పడితే పడమటి పొలాల నీరు తూముకు ఎంతసేపట్లో చేరుతుందని అడిగాను. అది కాసేపు ఆలోచించి, "చేరదు" అంది.

"చేరదంటే?"

"వాలు లేని నేల మీద నీరు కదలదు. ఎప్పటికీ చేరదు."

అంత పెద్ద పెట్టెకి ఇంత చిన్న బుర్ర. నీరు చేరకపోతే మట్టంపాలెం ఈపాటికి చేపల చెరువు అయ్యేది. నాకు ముందు ఈ పని చేసినవాళ్లు ఏం చేసేవారో నేనూ అదే చేశాను. తూర్పు వైపుకి వెంట్రుకంత వాలు ఉందని దానికి అబద్ధం చెప్పాను. వెంటనే బుద్ధిగా లెక్క కట్టి ఇచ్చింది.

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగంలో భాగం. నా పేరు హైమావతి. కాగితం మీద వేళ అధికారిని, ఊళ్లో వేళమ్మని. కరకట్ట అవతల సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి మా నేలకన్నా పైకి లేస్తుంది. పాటు వచ్చి అది దిగినప్పుడు మాత్రమే తూము తలుపు ఎత్తగలం. వాననీరు సరిగ్గా ఆ వేళకే తూము దగ్గరికి చేరాలి. వేళ తప్పి వస్తే మూసిన తలుపును కొట్టుకుని, పక్కనున్న తూమువాడ ఇళ్లలోకి పోతుంది. అందుకని తూము కాలువలోకి నీరు వదలడానికి పొలాల గట్లకున్న మడవలు ఎప్పుడు తెగ్గొట్టాలో నేను చెబుతాను. ట్యాంకు మీది సైరన్ కూస్తుంది. ఊరంతా ఒక్కసారే పారలు ఎత్తుతుంది.

తొమ్మిదేళ్లుగా నా వేళ తప్పలేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదని రాయడం మర్యాద. కానీ గొప్పే.

నిన్న మట్టం పండుగ అయింది. ఈ ఏడు వచ్చిన కొత్త చదును యంత్రం నేలను అద్దంలా చేసింది. ఆనవాయితీ ప్రకారం నీళ్లు నింపిన గొట్టం, అదే మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పట్టేది, ఒక కొస మన గట్టు మీద, రెండో కొస పక్కవాళ్ల గట్టు మీద పెట్టి చూసుకున్నాం. రెండు కొసల్లో నీరు ఒకే ఎత్తున నిలిస్తే ఇద్దరూ బెల్లంముక్క నోట్లో వేసుకోవాలి. తేడా ఉంటే ఎత్తున్నవాడు మట్టి తీయాలి. ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట తగువు పడేది. ఈసారి ఊరి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క తేడా రాలేదు. మధ్యాహ్నానికే బెల్లం అయిపోయింది.

ఆరుద్ర కార్తె, అయిదో రోజు

తొలి పెద్ద వాన. పడమటి గాలికి నా గొడుగు రెండుసార్లు తిరగబడింది. సైరన్ వేయించి వైర్లెస్ దగ్గర కూర్చున్నాను. తూము కాపలాదారు నాంచారయ్య బాబాయ్ అవతలి నుంచి పలికాడు. ఆయన గడియారం నమ్మడు. పాత ఊరు మునిగినచోట సెల్ టవరు కొస ఒకటి సముద్రంలో నిలబడి ఉంది. దాని మూడో మెట్టు తేలితే తలుపు ఎత్తుతాడు.

"వేళమ్మా, మూడో మెట్టు తేలింది. నీళ్లు కూడా అప్పుడే వచ్చినయ్. ఎట్టా చెప్తావో గానీ, సముద్రం నీకు మేనత్త కూతురు లాగుంది."

"మేనత్త కూతురు కాదు బాబాయ్, లెక్క."

"ఏదైతే ఏంలే. మా అలివేణికి చెప్తా, కాన్పు ఎప్పుడో నిన్నే అడగమని."

అలివేణి ఆయన కూతురు. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆ లెక్క నాకు రాదని ఒప్పుకున్నాను. ఈ రోజంతా ఒప్పుకున్నది అదొక్కటే.

ఆశ్లేష కార్తె, మొదటి రోజు

రాయడానికి ఇష్టం లేదు. అయినా రాస్తున్నాను. ఆకు కదలని వాన. లెక్క ప్రకారం సైరన్ వేయించాను.

"మెట్టు తేలింది వేళమ్మా. తలుపెత్తి కూర్చున్నా. నీళ్లేవీ? ఎండ్రకాయలు తప్ప ఏవీ రాలా."

"వస్తాయి బాబాయ్. కాస్త ఆగు."

"నేనాగుతా. సముద్రం ఆగొద్దా?"

సముద్రం ఆగలేదు. పోటు మొదలై, తలుపు దించేశాక నీరు తాపీగా వచ్చింది. తూమువాడ వాకిళ్లలో మోకాళ్ల లోతు నిలిచింది. సాయంత్రం వెళ్లి చూస్తే అలివేణి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు.

"మా కోళ్లు కప్పెక్కినయ్. గుడ్లు కావాలంటే నిచ్చెన తెచ్చుకో," అన్నాడు బాబాయ్. నవ్వించాలని చూశాడు. నాకు నవ్వు రాలేదు. అలివేణి వైపు చూడటానికి సిగ్గేసింది.

ఆశ్లేష కార్తె, నాలుగో రోజు

ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు పళ్ళేన్ని మట్టం గొట్టంతో చూసుకుంటూ ఖచ్చితంగా మట్టం చేసి, పలచగా నీళ్లు పోశాను. నీటి కదలిక కనబడాలని పసుపు చల్లాను. మా ఆయన శోభనాద్రి పొలం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"దిష్టి ఎవరికి తీస్తన్నావ్?"

"ఊరికి."

ఒక పక్క నుంచి నోటితో ఊదాను. పసుపంతా అవతలి అంచుకు పోయి కూర్చుంది. ఊదడం ఆపగానే మెల్లగా వెనక్కి వచ్చింది.

అప్పుడు తెలిసింది. పాత యంత్రం నేలలో తూర్పుకు ఎంతో కొంత వాలు వదిలేసేది. ఈ ఏడు అదీ లేదు. ఆరుద్రలో నీటిని తూముకు తోలింది పడమటి గాలి. నేను పెట్టెకు చెప్పిన అబద్ధాన్ని గాలి నిజం చేసింది, ఆ మెప్పు నేను కొట్టేశాను. గాలి లేని రోజున లెక్క బోల్తాపడింది. మరి స్వాతిలో తూర్పు గాలి తిరుగుతుంది కదా, అప్పుడో? ఊరి నీరంతా పడమటి అంచుకు పోయి నిలబడుతుంది. తుఫాను దాటి గాలి వెనక్కి మళ్లగానే అదంతా ఒక్కసారి తూమువాడ మీద పడుతుంది. ఆ వేళకు తలుపు మూసి ఉంటే మంచం కింద ఇటుకలు చాలవు.

భయం వేసింది. దాని వెనకే, ఇది నేను తేల్చగలను అనిపించింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

హస్త కార్తె, ఆరో రోజు

పళ్ళెంతో రెండు నెలలు వేగాను. ఇంట్లో పసుపు నిండుకుంది. దొరికిన సంగతి ఇది. గరిటెతో ఒక అంచున నీరు తోడితే, దూరాన ఉన్న పసుపు కూడా నెమ్మదిగా అటే నడిచి వస్తోంది. నేలకు వాలు లేకపోయినా, ఒకచోట నీరు తగ్గితే మిగతా నీటికి వాలు అదే పుడుతుంది. పెట్టెకు నేల వాలు అడగొద్దని, నీటి వాలు చూడమని చెప్పాను. ఈసారి అబద్ధం చెప్పకుండానే లెక్క ఇచ్చింది.

కానీ అందరూ ఒక్కసారే మడవలు తెగ్గొడితే కాలువ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎత్తున నిండిపోతుంది. అలా నిండిన నీరు నిలబడిపోతుంది. తూము పక్కవాళ్లు ముందు వదలాలి. వాళ్లది ఖాళీ అయ్యాక నడిమివాళ్లు వదలాలి. పడమటి చివరివాళ్లు గట్లు గట్టిగా కట్టుకుని, తమ నీటిని తమ పొలంలోనే పట్టుకుని, అందరికన్నా ఆఖరున వదలాలి.

ఊరి పెద్ద అంకినీడు గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన మంచినీటి వాటాలు పంచుతున్నాడు. చెంబు చెంబుకీ కంటితో మట్టం చూస్తాడు.

"ముందొకళ్లు, వెనకొకళ్లు అంటన్నావా అమ్మాయ్?"

"నీరు కదలాలంటే అంతే కదండీ."

ఆయన చెంబు కింద పెట్టాడు. "పాత ఊళ్లో ఎగువోళ్లు గట్టెత్తుకున్నారు. దిగువ మేం మునిగాం. అడగడానికి పోయిన మా తమ్ముణ్ణి పారతో కొట్టారు. ఆ పార పట్టుకున్నోడూ చెడ్డోడు కాదు, వాడి చేను వాడు కాపాడుకున్నాడు. అందుకే ఇక్కడ ఎగువ లేదు, దిగువ లేదు, ముందు లేదు, వెనక లేదు. అందరం ఒక్క కూతకి తెగ్గొడతాం. అది కాదంటే ఇంకీ ఊరెందుకు?"

లెక్క మీద వాదిస్తే గెలవగలను. ఆ తమ్ముడి మీద ఎలా గెలుస్తాను?

చిత్త కార్తె, చివరి రోజు

తుఫాను కబురు వచ్చింది. అమావాస్య కూడా దగ్గర పడింది. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. మొదటి సంగతికి ఊరు భయపడుతోంది, రెండో సంగతి నాకు కావాలి.

అలివేణికి మొన్న ఆడపిల్ల పుట్టింది. ఇంకెక్కడికైనా తీసుకెళ్దామంటే ఎక్కడికని? ఊరంతా ఒకే మట్టం. ఎత్తైన గడప ఒక్కటి లేదు, ఎత్తుగా కట్టుకుంటే తప్పు. కరకట్ట మీద తుఫానులో బాలింతను కూర్చోబెట్టలేం. సమానంగా బతకడానికి ఇంత బాగా ఏర్పాటు చేసుకుని, ఒక పసిపిల్లను పెట్టుకోవడానికి జానెడు ఎత్తు మిగుల్చుకోలేదు.

భోజనాల దగ్గర మా ఆయనకు వరస గీసి చూపించాను. తూర్పు నుంచి మొదలై, ఊరు దాటి, పడమటి గట్టు దగ్గర ఆగింది.

"ఈ ఆఖరి మడి ఎవరిది?" అన్నాడు, తెలిసే.

"మనది."

"ఊరంతా గాలించి మన చేనే దొరికిందా నీకు?"

"నేను గాలించలేదు. అది అక్కడే ఉంది."

ఆయన అన్నం కలపడం ఆపేశాడు. చేను పాలుపోసుకునే దశలో ఉంది. ఇప్పుడు కంకి మునిగి నిలిస్తే గింజ తాలు పోతుంది. ఉప్పుకు తట్టుకునే ఆ వరిని ఎండలో నిలబడి ఒక్కో దుబ్బూ చూసుకుంటూ పెంచాడాయన. ఆ చేనంటే ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. నాకూ ఇష్టమే.

కంచం పక్కకు జరిపి అన్నాడు, "నీ లెక్క తప్పిందనుకో, చేనూ పోయి వాళ్లూ మునుగుతారు."

"తప్పదు."

"ఆశ్లేషలో కూడా ఇట్టాగే అన్నావ్."

"అప్పుడు అబద్ధం మీద కట్టాను. ఇప్పుడు నీళ్ల మీద కట్టాను."

"నీళ్ల మీద కట్టిందేదీ నిలవగా నేను చూళ్లేదు," అని లేచి, గట్టు బలపరచడానికి పార తీసుకుని బయలుదేరాడు. ఆ మనిషితో ఇన్నేళ్లు ఎందుకున్నానో అలాంటప్పుడు గుర్తొస్తుంది.

స్వాతి కార్తె, మూడో రోజు

పొద్దున సభ. బయట వాన మొదలైంది, తూర్పు గాలి తలుపులు కొడుతోంది. పళ్ళెం సభ మధ్యలో పెట్టి, పసుపు చల్లి, గరిటె అంకినీడు గారి చేతికిచ్చాను.

"మీరే తోడండి. నా చేతిలో మాయ ఉందంటారేమో."

ఆయన తూర్పు అంచున తోడాడు. పసుపు నడిచింది. తర్వాత నలుగురిని పిలిచి నాలుగు అంచులా గరిటెలు పెట్టించి, ఒక్కసారే తోడమన్నాను. అంచుల్లో నీరు తిరిగింది గానీ మధ్యలో పసుపు ఉన్నచోటే ఉండిపోయింది. ఆయన మళ్ళీ ఒక్కడే తోడి చూశాడు. మళ్ళీ నడిచింది.

నాంచారయ్య బాబాయ్ లేచాడు. "నేను అడగకూడదు. అడిగితే నా ఇంటి కోసం అడిగినట్టు. కానీ పిల్ల పుట్టి పదిరోజులు కాలా. అందుకని అడుగుతన్నా."

అంకినీడు గారు పళ్ళెం వైపే చూస్తున్నాడు.

"అంటే ఎవరో ఒకళ్లు ఆగాలి," అన్నాడు చివరికి.

"పడమటి వాడ ఆగుతుంది. మా చేను అందరికన్నా ఆఖరున," అన్నాను.

"మీ పంట పోతది గదమ్మాయ్."

"పోతుంది."

ఆయన గరిటె పళ్ళెంలో పెట్టి నిలబడ్డాడు. "అయితే ఒక్క మాట. ముందు, వెనక అని ఉంటే ఉండనీ. కానీ వెనకున్నోడికి పోయింది వాడికి పోయినట్టు కాదు, ఊరికి పోయినట్టు. దానికి సరేనన్నోళ్లు చెయ్యెత్తండి."

మా ఆయన చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ఆయన చేతులు రెండూ బురదలో ఉన్నాయి. అప్పటికింకా గట్టు మీదే ఉన్నాడు.

స్వాతి కార్తె, నాలుగో రోజు

సైరన్ ఒక్క కూత వేసింది. తూర్పు వాళ్లు మాత్రమే పారలు ఎత్తారు. మిగతావాళ్లు గట్ల మీద పారలు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. కూత విని చేతులు ముడుచుకోవడం ఈ ఊరికి అలవాటు లేదు. ఒకడు అలవాటుగా పార ఎత్తితే పక్కవాడు పట్టుకుని ఆపాడట.

"బాబాయ్, మెట్టు?"

"వానలో టవరే కనపట్లా. ఆగు... రెండో మెట్టు. మూడు. మూడు తేలింది! ఎత్తుతన్నా."

"నీరు?"

"వచ్చింది. కానీ పల్చగా ఉంది వేళమ్మా. ఇదేనా?"

"అది తూర్పు వాళ్లది. పోనివ్వు. నడిమిది దాని వెనకే వస్తుంది."

"గాలి ఎదురుగా కొడతంటే ఎట్టా వస్తది?"

"వస్తుంది బాబాయ్."

రెండు కూతలు వేయించాను. నడిమి వాళ్లు తెగ్గొట్టారు. వైర్లెస్ లో గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. పెట్టె తెర మీద కాలువ నీటిని చూపే చుక్క కదలడం లేదు. నాకు నా మీద నమ్మకం పోలేదు. కానీ ఇంత నమ్మకంతో ఒక ఊరిని ముంచితే ఏ మొహం పెట్టుకుని బతుకుతానా అనిపించింది.

"వేళమ్మా!" అని ఒక్క కేక. "కాలవ తూరుపుకు వాలింది! కంటికి కనపడతంది! నీళ్లు పరిగెడతన్నయ్!"

నేను పెట్టెను ముద్దు పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

స్వాతి కార్తె, ఆరో రోజు

నిన్న గాలి పడమటికి మళ్లింది. అప్పటికి తూర్పు నీరు, నడిమి నీరు రెండు పాటు వేళల్లో సముద్రంలో కలిసిపోయాయి. పడమటి నీరు మాత్రం మా గట్ల వెనక ఉంది. గట్టు మీద మా ఆయన, ఎదురుపొలం వాళ్లు గోనెసంచులు వేస్తూనే ఉన్నారు. గట్టు నిలిచింది. తూమువాడలో చీలమండ లోతు కూడా రాలేదు. అలివేణి మంచం కింద ఇటుకలు తడవలేదట.

ఈ రోజు పాటుకు మూడు కూతలు. మా మడవ మా ఆయనే తెగ్గొట్టాడు. నీరు దిగాక కంకులు బురద పూసుకుని పడి ఉన్నాయి. ఆయన ఒక కంకి తెంపి, గింజ నలిపి చూశాడు. పాలు లేవు. నేను ఏడ్చాను. వేళ సరిగ్గా చెప్పినందుకు గర్వంగానూ ఉంది, చేను పోయినందుకు ఏడుపూ వచ్చింది. ఒకటి చూసుకుని రెండోది మానుకోవడం నా వల్ల కాలేదు.

అనూరాధ కార్తె, చివరి రోజు

కోతలు అయ్యాయి. తాలు గింజలు తూర్పారపట్టగా మా వాకిట్లో మిగిలింది ఒక చేటెడు ధాన్యం. దాన్ని పిచ్చుకలకు పెడదామని మా ఆయన అంటుంటే వీధిలో గోల వినబడింది.

ఇంటికొక గంప చొప్పున మోసుకొస్తున్నారు. ముందు నాంచారయ్య బాబాయ్. వెనక అలివేణి, చంకలో పిల్ల. మా వాకిట్లో పోసిన గింజలు కుప్ప అయ్యాయి. బాబాయ్ భుజం మీద మట్టం గొట్టం కూడా ఉంది.

"ఇదెందుకు బాబాయ్? పండుగ మృగశిరలో కదా."

"నువ్వు మాట్లాడకు. ఇది నీ లెక్క కాదు, నాది."

గొట్టం ఒక కొస మా ఎదురింటి వాళ్ల ధాన్యం కుప్ప కొసన పట్టించాడు. రెండో కొస మా కుప్ప కొసన తానే పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు. ఇంకో గంప పోయమన్నాడు. మళ్ళీ చూశాడు. ఇంకో దోసెడు. అంకినీడు గారు వచ్చి పక్కన వంగి, తానూ చూశాడు. రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలబడింది.

ఆయన జేబులోంచి బెల్లంముక్క తీసి నా చేతిలో పెట్టాడు. రెండోది మా ఆయనకు ఇచ్చాడు. మూడోది తన నోట్లో వేసుకోకుండా, తన తమ్ముడు గుర్తొచ్చాడో ఏమో, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.